నడుమెత్తు బల్ల

రామచంద్రపురం చేపల బజారుకు పొద్దున్నే వెళ్లినవాళ్లు ముందుగా చూసేది చేపల్నే. కొరమీను ఇంకా కదులుతోందా, శీలావతి మొప్పలు ఎర్రగా ఉన్నాయా, రొయ్య తల ఊడుతోందా అని చూస్తారు. బేరమాడతారు, కోయించుకుంటారు, సంచీ ఊపుకుంటూ ఇంటికి పోతారు. ఆ చేపను అమ్మిన మనిషి ఎలా కూర్చుందో మాత్రం ఎవరూ చూడరు. మీరూ చూసి ఉండరు.

అక్కడ ఆడవాళ్లంతా నేల మీదే కూర్చుంటారు. తడి సిమెంటు మీద గోనెపట్టా, పట్టా మీద చేపలు, పక్కన కత్తిపీట. ఒక పాదంతో కత్తిపీటను తొక్కిపట్టి, నడుము ముందుకు వంచి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కోస్తూనే ఉంటారు. తట్ట ఎత్తినా, ఐసుపెట్టె జరిపినా, బిందె లేపినా అంతా నేల మీంచే. ఎత్తున కూర్చోవడం ఆ బజారులో తప్పు. గంగమ్మ బిడ్డలైన చేపలు కింద ఉంటే వాటిని అమ్ముకుని బతికే మనిషి పైన కూర్చోకూడదని తాతల నాటి కట్టుబాటు.

తలుపులమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆ కట్టుబాటులోనే బతికింది. వ్యాపారంలో ఆమెను మించినవాళ్లు ఆ బజారులో లేరు. బేరమాడి కొనేదెవరో, బేరమాడి పోయేదెవరో మొహం చూసి చెప్పేది. ఏ చేపను ముందు వదిలించుకోవాలో, దేన్ని మంచి గిరాకీ వచ్చేదాకా ఐసులో దాచాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అంత లెక్క తెలిసిన మనిషి తన నడుమును మాత్రం ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. కొని తెచ్చిన సరుకునైతే కంటికి రెప్పలా చూసుకునేదే. నడుము పుట్టుకతో ఊరికే వచ్చింది కదా, దాన్ని చూసుకోవాలని తోచలేదు.

నొప్పి మొదలైనప్పుడు గుడ్డ బిగించి కట్టుకుంది. కాల్లోకి పాకినప్పుడు తైలం రాసుకుంది. ఒకరోజు ఎడమకాలి చెప్పు బజారులోనే ఊడిపోతే, ఇంటికొచ్చేదాకా ఆ సంగతే ఆమెకు తెలియలేదు. అప్పుడు భయపడ్డాడు మొగుడు సత్తియ్య. కొడుకు వెంకటరమణ ఆటోలో కాకినాడ తీసుకెళ్లాడు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల పక్కకు జారి నరాన్ని నొక్కేస్తోందని, ఆలస్యం చేస్తే కాలు చచ్చుబడుతుందని డాక్టరు చెప్పాడు. నడుముకు ఆపరేషను జరిగింది.

ఇంటికొచ్చాక పలకరింపులు మొదలయ్యాయి.

"వెన్నులో కత్తి పడిందంటే ఇంక మంచమేనే తలుపులూ. మా పెదమావ అలాగే పోయాడు," అంది ఒకావిడ, ఇచ్చిన టీ తాగుతూ.

"నడుత్తున్నావేంటి! కుట్లు ఊడిపోతాయి, పడుకో!" అంది ఇంకొకావిడ.

తలుపులమ్మ కోడలు వీరదుర్గ వైపు చూసింది. "ఏమ్మా, నడవమని చెప్పింది ఎవరు?"

"ఆసుపత్రిలో కీర్తిప్రియ గారు, అత్తా. కసరత్తులు నేర్పినావిడ. పక్కకి తిరిగి, చేత్తో ఆనుకుని లేవమన్నారు. రోజూ నడవమన్నారు. వంగొద్దు, బరువెత్తొద్దు, నేల మీద కూచోవద్దు అన్నారు."

"ఆవిడ మాటని మనం డబ్బిచ్చి తెచ్చుకున్నాం," అంది తలుపులమ్మ. "వీళ్ల మాట ఊరికే వచ్చింది. దేన్ని వాడుకోవాలో నాకు తెలుసు."

టీ తాగుతున్నావిడకు పొలమారింది.

అలా గోదావరి కాలువ గట్టు మీద నడక మొదలైంది. మొదట గుమ్మం దాకా, తర్వాత రేవు దాకా, ఆపైన కోటిపల్లి రోడ్డు మలుపు దాకా. నడుముకు బెల్టు, పక్కన వీరదుర్గ. కాలి తిమ్మిరి కొద్దికొద్దిగా దిగింది. అయినా ఆమెకు ఒకటే దిగులు. బజారులో ఎవరైనా జబ్బు పడితే, వాళ్ల చోటులో పక్కామె తట్ట బోర్లించి ఉంచుతుంది. గంగమ్మ జాతర దాకా ఆ చోటు వాళ్లదే. జాతర నాటికి మనిషి వచ్చి తట్ట తిరగేసి బేరం మొదలుపెట్టకపోతే చోటు ఇంకొకరిది. తలుపులమ్మ తట్టను పక్కామె బేబీ కాపలా కాస్తోంది. జాతర దగ్గరపడుతోంది. ఆ చోటు అత్తగారి నుంచి వచ్చింది. అది పోతే తను ఆ ఇంట్లో మందులు మింగే మనిషిగా మిగిలిపోతుంది. తలుపులమ్మకు కావలసింది అది కాదు.

మూడోసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు తేలిక పనులకు ఒప్పుకున్నాడు. మర్నాడే ఆమె బజారులో దిగింది. వెనకాలే వీరదుర్గ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

బజారంతా ఒక్కసారి తల తిప్పింది.

"ఏంటే ఇది?" అంది చిన్నమ్మాయి. పేరుకే చిన్నమ్మాయి. బజారులో అందరికన్నా పెద్దది. నడుము పూర్తిగా వంగిపోయి, నడుస్తుంటే నేలమీద ఏదో వెతుకుతున్నట్టు ఉంటుంది. ఆ వంగిన నడుమంటే అక్కడ అందరికీ గౌరవం. అసలైన చేపలమ్మంటే అలా ఉండాలని చెప్పుకుంటారు. "గంగమ్మ బిడ్డలు నేల మీదా, నువ్వు సింహాసనం మీదానా?"

"ఆపరేషను అయింది కదా పిన్నీ," అంది బేబీ.

"నాకు నొప్పుల్లేవా? నేనెక్కానా కుర్చీ?"

కొనడానికి వచ్చిన సూర్యకాంతమ్మ గారు నవ్వారు. చెరువులున్న రాజుల ఇంటావిడ, ఎప్పటి నుంచో తలుపులమ్మ ఖాతాదారు. "ఏంటి తలుపులూ, కలెక్టరమ్మలా కూర్చున్నావు? నీకు చేప ఇవ్వమని అర్జీ పెట్టుకోవాలా?"

అందరూ నవ్వారు. నొప్పికి ఏడవని తలుపులమ్మ ఆ నవ్వుకు ఓడిపోయింది. "తీసెయ్యమ్మా," అని కుర్చీని కోడలి వైపు తోసి, నేల మీదికి దిగింది. పాదంతో కత్తిపీట తొక్కి, శీలావతి తల పట్టుకుని ముందుకు వంగింది. చేప తెగింది. అదే క్షణంలో నడుము నుంచి మడమ దాకా నిప్పుకడ్డీ దింపినట్టయింది. చేపను సంచీలో వేసింది గానీ తాను లేవలేకపోయింది. బేబీ ఒక చెయ్యి, వీరదుర్గ ఒక చెయ్యి పట్టి నిలబెట్టారు. సూర్యకాంతమ్మ గారి నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

మళ్లీ కాకినాడ. మళ్లీ స్కానింగు ఫోటోలు. నరానికి ఏమీ కాలేదు. పట్టేసింది కండరమే.

"ఈసారికి గట్టెక్కారు," అన్నాడు డాక్టరు. "ఇంకోసారి నేల మీద కూర్చున్నారంటే నేను హామీ ఇవ్వలేను."

"పని మానెయ్యమంటారాండీ?"

"పని మానమనలేదమ్మా. నేల మానమంటున్నాను."

ఆ మాట ఆమెతో పాటు ఇంటికొచ్చింది. పొద్దున గట్టు మీద నడుస్తున్నప్పుడు రోడ్డు మలుపులో ఇస్త్రీబండి కనిపించింది. బండి దగ్గర మనిషి నిటారుగా నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. పక్కన బజ్జీల బండి. అతనూ నిలబడే ఉన్నాడు. బట్ట పైకొచ్చింది, బాణలి పైకొచ్చింది, చేప ఒక్కటే ఎందుకు కిందుంది? తలుపులమ్మ అక్కడే ఆగిపోయింది.

"ఏంటత్తా, నొప్పా?"

"కాదే. నన్ను పైకెక్కించబట్టి తప్పయింది. చేపల్ని ఎక్కిస్తే?"

ఇంటికెళ్లి సత్తియ్యకు చెప్పింది. నడుము ఎత్తున బల్ల కావాలి. తడికి చెడని చెక్క కావాలి. సత్తియ్య చూపు రేవు వైపు తిరిగింది. రేవులో అతని పాత నావ బోర్లించి ఉంది. చేపల వేటకు పనికిరాకుండా పోయినా, ఎందరడిగినా అమ్మలేదు. గోదావరి పోటులో తనను మోసిన నావ అది.

"దాని చెక్క నీళ్లలోనే బతికింది. బజారు తడి దాన్నేం చేత్తుంది," అని లేచాడు.

"ఆ నావ జోలికి ఎవర్నీ రానివ్వలేదు కదయ్యా నువ్వు?"

"ఒడ్డునుంటే చెదపురుగులకి పనికొత్తుంది. నీ దగ్గరుంటే మళ్లీ చేపల్ని మోత్తుంది. ఏది లాభమో నువ్వే చెప్పు."

లాభం సంగతి ఆ ఇంట్లో ఇంకొకరు తనకు చెప్పడం తలుపులమ్మకు అదే మొదటిసారి. ఆమె నవ్వింది.

సత్తియ్య ఆమెను నిలబెట్టి, చెయ్యి మడవమని, మోచేతికి కాస్త కిందుగా గుర్తు పెట్టాడు. బల్ల ముందుకు కొద్దిగా వాలి ఉండేలా కొట్టాడు, నీళ్లు నిలవకుండా. ఆమె పాత కత్తిపీటనే బల్ల చివర బోల్టులతో బిగించాడు. ఇక కాలితో తొక్కే పని లేదు, చెయ్యి కొత్త విద్య నేర్చుకునే పనీ లేదు. ఐసుపెట్టె దించడం, ఎత్తడం వెంకటరమణ పని అని ముందే తేల్చుకున్నారు.

జాతర ముందురోజు పొద్దున బల్ల బజారులో దిగింది. చిన్నమ్మాయి వంగిన నడుముతోనే ఎదురొచ్చింది.

"మళ్లీ మొదలెట్టావా? కట్టుబాటు నీకొక్కదానికి లేదా?"

ఈసారి తలుపులమ్మ తలదించలేదు.

"కట్టుబాటేంటి పిన్నీ? గంగమ్మ బిడ్డలకన్నా మనం ఎత్తున ఉండకూడదనేగా? చూడు. వాళ్లు బల్ల మీదున్నారు. నేను నేల మీద నిలబడ్డాను. ఇన్నాళ్లూ వాళ్లని తడిలో, బురదలో, జనం కాళ్ల దగ్గర పెట్టాం. మర్యాద అదా, ఇదా?"

చిన్నమ్మాయి తన గోనెపట్టా వైపు తిరిగింది. బేబీ కిసుక్కున నవ్వింది.

తలుపులమ్మ బోర్లించిన తట్టను తిరగేసింది. మొదటి బేరానికి సూర్యకాంతమ్మ గారే వచ్చారు. మోకాళ్ల నొప్పులావిడ. మొప్పలు చూడాలంటే ఇన్నాళ్లూ సగం వంగి, మూలిగి, ఆ విసుగును బేరంలో చూపించేవారు. ఇప్పుడు నిలబడ్డ చోటే చేపను తిరగేసి చూసుకున్నారు. "ఆ రోజు నవ్వాను, ఏమీ అనుకోకు తలుపులూ," అన్నారు మెల్లగా. "అనుకున్నానండీ," అంది తలుపులమ్మ. "అందుకే ఇవాళ బేరం తగ్గించను." ఆవిడ చెప్పిన ధరకే తీసుకున్నారు. ఆవిడ వెనక ఇంకొకరు, వారి వెనక ఇంకొకరు. వంగక్కర్లేని చోటికి కొనేవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. తలుపులమ్మ కోస్తోంది, నీళ్లు చల్లుతోంది, మధ్యలో కీర్తిప్రియ చెప్పినట్టు నాలుగడుగులు నడిచి వస్తోంది. తట్టలు ఖాళీ అయ్యేసరికి కాలు తిమ్మిరెక్కలేదు.

మర్నాడు జాతర. అమ్మవారి ఘటాలు బజారులోకి వచ్చాక చోట్ల పంపకం మొదలైంది. అది పెద్దదైన చిన్నమ్మాయి నోటి మీదుగా జరగాలి. తలుపులమ్మ చోటు దగ్గర ఆమె ఆగింది. బల్ల అంచు పట్టుకుని, నిటారుగా నిలబడాలని ప్రయత్నించింది. భుజాలు కాస్త లేచాయి. నడుము లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. చెమట పట్టింది గానీ చూపు బల్ల అంచు దాటలేదు.

"కుర్చీ తెమ్మంటావా పిన్నీ?" అంది తలుపులమ్మ. అందులో ఎత్తిపొడుపు లేదు.

"తే," అంది చిన్నమ్మాయి.

బజారంతా చూస్తుండగా ఆమె కుర్చీలో కూర్చుంది. కాసేపు ఊపిరి తీసుకుంది.

"మా అత్తా ఇలాగే వంగింది. మా అమ్మా ఇలాగే వంగింది. మా ఇళ్లల్లో ఆడాళ్ల నడుములు ఇంతే అనుకున్నాను. నా నడుముని చూసి మీరంతా దణ్ణం పెడతంటే గొప్పనుకున్నాను. ఇది గొప్ప కాదే. ఇది దెబ్బ. మెల్లగా తగిలింది, అందుకే ఎవరికీ తెలీలేదు." బేబీ వైపు తిరిగింది. "ఏమే, పొద్దున్నే నడుముకి గుడ్డ కట్టుకుని వత్తన్నావు. నాకు కనపడదనుకున్నావా? నీకూ ఒక బల్ల చేయించుకో. ఈ చోటు తలుపులుదే, బల్ల ఇక్కడే ఉంటుంది. అందరూ చేయించుకోండి. గంగమ్మ అడిగితే నా పేరు చెప్పండి."

బేబీ చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. సత్తియ్య దూరంగా ఘటాల వైపు చూస్తున్నట్టు నిలబడ్డాడు. నావ చెక్కల బల్ల మీద తలుపులమ్మ తట్ట సర్దుతుంటే అతని ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

తలుపులమ్మ ఇప్పటికీ ఆ బజారులోనే ఉంది. బెల్టు తీసేసింది, నడక మానలేదు, బరువు ఎత్తదు. వరసలో ఇప్పుడు చాలా బల్లలున్నాయి. కొత్తగా వచ్చిన కోడళ్లకు ఆమె ముందుగా నేర్పేది బేరం కాదు, ఎలా నిలబడాలో. ఎవరైనా ఆపరేషను సంగతి అడిగితే ఆమె చెప్పే మాట ఒక్కటే: "నా నడుము డాక్టరు బాగుచేశాడు. దాన్ని పాడుచేసిన పనిని మేము బాగుచేసుకున్నాం. కష్టపడే మనిషిని పనికోసం వంచకండి, పనినే మనిషి ఎత్తుకు తీసుకురండి."