గీతలు కడిగేసిన వీధి

రోడ్డు తళతళలాడుతోంది. అది చూడగానే నాకు ఒళ్ళు మండింది.

నిన్న సాయంత్రం గ్యాస్ వాళ్ళు, కరెంటు వాళ్ళు, టెలిఫోను వాళ్ళు, నీళ్ళ వాళ్ళు వరసగా వచ్చారు. రోడ్డు కింద తమ గొట్టాలు, తీగలు ఎటు పోతున్నాయో రంగు చల్లి గీతలు గీసి వెళ్ళారు. గ్యాస్‌కి ఆకుపచ్చ, కరెంటుకి నారింజ, టెలిఫోనుకి ఎరుపు, నీళ్ళకి నీలం. ఆ గీతలు చూసుకునే నేను పొక్లెయిన్ నడపాలి. పాత నీళ్ళ గొట్టం తీసి కొత్తది వెయ్యడం మా పని. నా బకెట్ ముందు నిలబడి, పారతో మట్టి తడిమి చూసేది నా తమ్ముడు కోసాకు. నా చెయ్యి తప్పితే పోయేది వాడి ప్రాణం.

పొద్దున వచ్చేసరికి ఆ రంగుల్లో ఒక్కటీ లేదు. వాటి బదులు సుద్దతో గీసిన గీతలున్నాయి. అన్నీ తెల్లవే. అన్నీ స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి.

వీధి సంఘం అధ్యక్షుడు కుజుమి గారు చేతులు తుడుచుకుంటూ నవ్వుమొహంతో ఎదురొచ్చారు. ఈయనగారి వీధిలో తెల్లారగానే తన గుమ్మం ముందు ఊడ్చుకుని, పక్కింటి వైపు కూడా నాలుగు చీపురు దెబ్బలు వెయ్యని వాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు.

"ఆదివారం దేవుడి పల్లకి వస్తోంది కదమ్మా. ఆ రంగులు చూస్తే ఆయన కూడా మొహం తిప్పుకుంటాడు. పాపం, ఆడవాళ్ళంతా చీకటితోనే లేచి బ్రష్షులు పెట్టి తోమారు. మీకు ఇబ్బంది కాకూడదని ఎక్కడివక్కడ గుర్తుపెట్టుకుని మళ్ళీ గీశాం. వంకర్లు కూడా సరిచేశాం."

"గీతల వంకర సరే పెద్దాయనా, కింద గొట్టాల వంకర కూడా సరిచేశారా?"

"చిజురూ!" అని మేస్త్రీ హతనాక నన్ను కసిరాడు.

"ఉండండి మేస్త్రీ. వీటిలో గ్యాస్ గీత ఏదో చెప్పమనండి."

కుజుమి గారు గడ్డం నిమురుకున్నారు. "ఇదిగో, ఇదీ... కాదు కాదు, ఆ పక్కది. అదే అనుకుంటా."

అనుకుంటారట! పక్క కొట్టులో నూనె మూకుడు కింద గ్యాస్ పొయ్యి భగభగ మండుతోంది.

మేస్త్రీ నన్ను పక్కకి లాగాడు. "గ్యాస్ ఆయన్ని మళ్ళీ పిలిస్తే పెద్దాయన పరువేం కాను? అంత కష్టపడ్డారు. మెల్లగా తవ్వు, ఏం కాదు."

ఈలోగా కోసాకు పార భుజాన వేసుకుని వెళ్ళి ఆ గీతల మధ్య నిలబడనే నిలబడ్డాడు. "పోనీలే అక్కా, నేను చూసుకుని తవ్వుతాగా."

వీడొకడు! ఎవరికీ కాదని చెప్పలేడు.

నేను బండి దగ్గరికి పోయి, తాళం తీసి జేబులో వేసుకుని వచ్చాను.

"కుజుమి గారూ, మీ గీత మీద మీకంత నమ్మకముంటే మా తమ్ముడి పక్కన వచ్చి నిలబడండి. ఇప్పుడే తవ్వుతా."

ఆయన ఒక్కసారిగా మోకాలు పట్టుకున్నారు. నొప్పిట. కుంటుకుంటూ అడ్డుతాడు అవతలికి పోయి నిలబడ్డారు. వీధి వాళ్ళు కూడా ఆయన వెనకాలే సర్దుకున్నారు. మేస్త్రీ ఫోన్ తీసి గ్యాస్ ఆయన్ని పిలిచాడు.

గ్యాస్ ఆయన వచ్చేసరికి మధ్యాహ్నమైంది. యంత్రంతో వెతుక్కుంటూ ఆకుపచ్చ రంగు చల్లుకుంటూ వచ్చాడు. కొంతదూరం సుద్దగీత వెంటే నడిచి, ఉన్నట్టుండి పక్కకి తిరిగి, తిన్నగా కోసాకు బూట్ల దగ్గరికొచ్చి ఆగాడు. "కాస్త కాలు తియ్యి బాబూ" అన్నాడు. వాడు కాలు తీశాక ఆ చోట కూడా గీసుకుంటూ పోయాడు. కోసాకు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అయ్యో, ఇంత వంకరగా వేస్తారని ఎవరనుకుంటారు!" అంటూ కుజుమి గారు క్షమాపణగా నడుం వంచారు. మేస్త్రీ ఆయనకన్నా కిందికి వంగాడు. ఏ పాపం ఎరగని గ్యాస్ ఆయన కూడా వంగాడు. ఆఖరికి నా తమ్ముడు టోపీ తీసి, "మా వల్ల మీకు శ్రమైంది, క్షమించండి" అని అందరికన్నా కిందికి వంగాడు.

ఎవరు ఎవరికి చెప్పాలి క్షమాపణ? నేను నిటారుగానే నిలబడ్డాను.

కుజుమి గారు నా వంక జాలిగా చూశారు. "నీకు వంగడం ఎవరూ నేర్పలేదామ్మా?"

"లేదండీ. నేర్పి ఉంటే పొద్దున్నే తవ్వేసేదాన్ని. రేపు మీరంతా మా తమ్ముడి ఫోటో ముందు వంగేవాళ్ళు."