చేపలమ్మి పెదవి

ఓట్‌ఫ్రీడ్ హార్మ్‌సెన్ ఆ బాల్టిక్ రేవు పట్నంలో ముప్ఫై ఏళ్లుగా శిల్పం నేర్పుతున్న మహానుభావుడు. జర్మనీ చక్రవర్తి కైజరు ఉన్నన్నాళ్లూ ఆయన తలలు, మీసాలు చెక్కాడు. ఆయన పోగానే ఆ మీసాలు గీకేసి, అవే తలలకు కొత్త నాయకుల పేర్లు పెట్టాడు. హార్మ్‌సెన్ శిష్యులు చెవి ఒక్కటి చెక్కడానికే రెండేళ్లు నేర్చుకునేవారు. అంత నున్నటి చెవి ఆ పట్నంలో ఒక్క మనిషికి ఉంటే ఒట్టు!

ఇంత చేసినా, పాపం, ఆయన పేరున్న విగ్రహం నడివీధిలో ఒక్కటీ లేదు. వచ్చే ఏడే విరమణ. అందుకే చేపల బజారులో చేపలమ్మి విగ్రహం పెట్టాలని నగరసభ తీర్మానించగానే ఎగిరి గంతేశాడు. ఆవిడకు దేవదూత మొహం పెట్టి ప్లాస్టర్ నమూనా తయారుచేశాడు. సభవాళ్లు ముద్ర కొట్టారు. ముద్ర పడ్డాక ఆ ఊళ్లో ఎవరూ దేన్నీ వేలితో కూడా తాకరు.

నమూనా మీద చుక్కలు పెట్టి, లోతు కొలిచి, దాన్ని పెంచి రాతిలోకి దించే పని పాత శిష్యురాలు వీబ్కెకు పడింది. అయ్యగారేమో నడుం పట్టేసిందని మూడు నెలలు వేడినీళ్ల బుగ్గల ఊళ్లో కూర్చున్నాడు.

తిన్నగా ఆవిష్కరణ నాటికే దిగాడు. బ్యాండు మోగింది, మేయర్ గుడ్డ లాగాడు. చేపలమ్మి పెదవి ఓ మూల విరిగి, ఎవరినో తిట్టబోతున్నట్టుంది! బండివాడు నమూనా దించేటప్పుడు విరగ్గొట్టాడట; ఆ విరుపే రాతిలోకీ దిగింది.

చేపల బుట్టలవాళ్లు గొల్లున నవ్వారు. ఒకామె పక్కనున్న చేపలమ్మిని మోచేత్తో పొడిచింది. "ఒసే టాల్కా, బేరమాడితే నీ మూతి అచ్చం ఇంతేనే!"

పత్రికాయన వచ్చి హార్మ్‌సెన్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ప్రొఫెసర్ గారూ, ఆ పెదవి! అసలెలా తోచిందండీ?"

"ఏళ్ల తరబడి మథనపడ్డానండీ," అన్నాడు సిగ్గులేకుండా.

తర్వాత వీబ్కెను పక్కకు లాక్కెళ్లాడు. "విరిగిందని కనపళ్లేదా నీకు?"

"మొదటిరోజే కనపడిందండీ."

"మరి అతికించలేదేం? ముద్ర పడిందనా?"

"అందరికీ అదే చెప్పాను. నిజానికి అతికించాను ప్రొఫెసర్ గారూ. చూస్తే మళ్లీ మీ బొమ్మలాగే అయిపోయింది. అందుకని పీకేశాను."

హార్మ్‌సెన్‌కు తల కొట్టేసినట్టయింది. అవతల మేయర్ ఫొటోకి పిలుస్తున్నాడు. వెళ్లి చేపలమ్మి పక్కన నిలబడ్డాడు.