అమ్మ కుడిచెవి

తల్లి గోళ్ళు కత్తిరిస్తూ కూర్చున్న చంటితో ఆమె భర్త ఆ మాట అన్నాడు, కరెంటు బిల్లు కట్టేశానని చెప్పినంత తేలిగ్గా.

"బావగారితో మాట్లాడేశాను. అత్తయ్యని మనింటికి తీసుకెళ్దాం. నువ్వెలాగూ ఉద్యోగం మానేస్తావు కదా. భోజనాలయ్యాక ఆయన అందరి ముందూ చెప్తారు."

'మానేస్తానని ఎవరన్నారు?' అని చంటి నోరు తెరిచేలోపే అతను హాల్లోకి వెళ్ళి కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. తల్లి వేలు ఇంకా చంటి గుప్పిట్లోనే ఉంది, పిట్టకాలంత సన్నగా, వెచ్చగా. ఆ వేలు పట్టుకుని కాదని ఎలా అనడం? గోరు బదులు చర్మం తెగుతుందేమోనని భయమేసి, కట్టర్ పక్కన పెట్టేసింది.

ఆవేళ తల్లి తొంభయ్యో పుట్టినరోజు. అన్నయ్య ఫ్లాట్‌కి బంధువులంతా వచ్చారు. యాభై దాటినా వాళ్ళందరికీ ఆమె చంటే. ఆస్పత్రి ల్యాబ్‌లో మాత్రం మేడమ్. పోయిన నెలే ఇన్‌ఛార్జిని చేశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజు భర్త టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, "అయితే ఇంక లేటుగా వస్తావన్నమాట" అన్నాడు. అత్తగారు బతికున్న రోజుల్లో అయితే, "ఊళ్ళోవాళ్ళ రక్తం చూసే తీరికుంది గానీ ఇంట్లోవాళ్ళ మొహం చూసే తీరిక లేదు మా కోడలికి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చంటి అన్నీ మింగింది. మింగడం అలవాటైపోతే రుచి తెలియదు. కానీ ఇది గొంతు దిగడం లేదు. ఈసారి మధ్యలో అమ్మని నిలబెట్టారు. కాదంటే భర్త మాట కాదన్నట్టు కాదు, అమ్మనే వద్దన్నట్టు. పోనీ వదినని తప్పుపడదామా అంటే నోరు రాదు. ఇన్నేళ్ళూ అమ్మని లేపి, కూర్చోబెట్టి, ఎత్తి, దించి ఆవిడ నడుం పడిపోయింది. ఇప్పుడు కూడా బెల్టు బిగించుకుని వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూనే ఉంది.

కేకు కోశారు. భోజనాలయ్యాయి. ఒక్కొక్కరూ లేచి పెద్దావిడ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడకి ఎడమచెవి పూర్తిగా పోయింది. చెవిమిషన్ పెడితే కుయ్యిమంటోందని పీకేస్తుంది. అందుకని కుడిచెవి పక్కన స్టూలు వేసుకుని చంటి కూర్చుంది. ఎవరు మాట్లాడినా తల్లి మోచేత్తో పొడుస్తుంది. "ఏమంటున్నాడే?" చంటి వంగి ఆ చెవిలో చెప్తుంది.

ఒకప్పుడు ఆ చెవులే ఆవిడ జీవనాధారం. పెళ్ళికి ముందు నుంచీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసింది. హెడ్‌ఫోను తగిలించుకుని ఊరందరి మాటలూ కలిపింది. అన్నయ్య కడుపున పడగానే నాన్న ఆఫీసుకెళ్ళి, మా ఆవిడ ఇంక రాదని చెప్పి వచ్చాడు. ఆవిడకి మాత్రం చెప్పలేదు. మర్నాడు మామూలుగా వెళితే తన కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. చంటి కూతురు చిన్నప్పుడు కథ చెప్పమంటే అమ్మమ్మ ఇదే చెప్పేది, నవ్వుతూ, ఆ అమ్మాయి జడ ఎంత పొడుగుందో కూడా వర్ణిస్తూ. "తర్వాతేం చేశావు అమ్మమ్మా?" అంటే, "ఇంటికొచ్చి వంట చేశాను" అనేది.

ఈరోజు ఎవరూ ఆ ఎక్స్ఛేంజీ ఊసెత్తలేదు. అన్నయ్య పిల్లలు నానమ్మ చేతి వంట అన్నారు, నానమ్మ ఓర్పు అన్నారు. చంటి ఒక్కో మాటా చెవిలోకి చేరవేస్తూనే, చివరికి లేచేది అన్నయ్యేనని గుర్తొచ్చినప్పుడల్లా అరచేతులు ఒళ్ళో తుడుచుకుంటోంది.

అన్నయ్య లేచాడు. "మా అమ్మ ఒక్కరోజు కూడా అలిసిపోయానని అనలేదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

"ఏమంటున్నాడే?"

చంటి చెప్పింది. తల్లి తల అడ్డంగా ఊపింది.

"అన్నాను. చాలాసార్లే అన్నాను. అప్పుడు చెవుడు వీళ్ళకి."

చెవిటివాళ్ళకి గొంతు తగ్గించడం తెలియదు కదా, హాలంతా వినబడింది. అందరూ విరగబడి నవ్వారు. ఖాళీ ప్లేట్లు తీస్తున్న వదిన మాత్రం నవ్వలేదు.

నవ్వులు సద్దుమణిగాక అన్నయ్య మళ్ళీ అందుకున్నాడు. "ఇంకో మంచి కబురు. చంటి ఉద్యోగం మానేసి అమ్మని తన దగ్గర పెట్టుకుంటోంది. అచ్చం అమ్మ పోలికే. కాదనడం తెలియదు దానికి."

మళ్ళీ చప్పట్లు. కేకు బల్ల దగ్గర ఫోన్లో వీడియో తీస్తున్న చంటి కూతురు ఫోను దించేసి, నిజమా అన్నట్టు ఆమె వంక చూసింది. చంటి చూపు తిప్పుకుంది. పక్కటెముకల్లో మోచెయ్యి తగిలింది.

"ఏమంటున్నాడే?"

'నువ్వు మా ఇంటికొస్తున్నావమ్మా' అనేస్తే సరిపోతుంది. అబద్ధం కాదు. తల్లి సంతోషిస్తుంది, అందరూ ఐస్‌క్రీం తిని ఇళ్ళకి పోతారు. వంగింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నేను ఉద్యోగం మానేస్తానట అమ్మా. మానేసి, నిన్ను చూసుకుంటానట."

తల్లి తల తిప్పి, పొర కమ్మిన కళ్ళతో కూతుర్ని పరీక్షగా చూసింది.

"'ట' ఏమిటే? నువ్వన్నావా?"

"నేననలేదు."

"మరి ఆ ముక్క నా చెవిలో చెప్తావేం? వాళ్ళతో చెప్పు."

ఇదీ హాలంతా వినబడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చంటి లేచి నిలబడింది. తల్లి కుర్చీ వీపు పట్టుకుంది.

"అన్నయ్యా, నేను మానెయ్యడం లేదు. అమ్మ మా ఇంటికి రావడం నాకు ఇష్టమే, అందులో రెండో మాట లేదు. కానీ పగలు అమ్మ దగ్గర ఎవరుండాలి, స్నానం ఎవరు చేయించాలి, రాత్రి పిలిస్తే ఎవరు లేవాలి? అది నువ్వూ ఆయనా కూడా చెప్పాలి."

అన్నయ్య పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ ప్లేట్లు బల్ల మీద పెట్టేసి, కుర్చీ లాక్కుని నడుం పట్టుకుంటూ కూర్చుంది. పొద్దుట్నుంచీ ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

భర్త చంటి దగ్గరకొచ్చి పళ్ళ మధ్య నుంచి, "ఇక్కడెందుకీ గొడవ? ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు. ఇన్నేళ్ళలో ఇంటికెళ్ళాక ఏ మాటా మొదలైంది లేదు.

"ఏమంటున్నాడే మీ ఆయన?" అంది తల్లి.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందామంటున్నారమ్మా" అంది చంటి. చెవి దగ్గరకి వంగలేదు. నిలబడే, అందరికీ వినబడేలా అంది. "నేను ఇక్కడే మాట్లాడతానంటున్నాను."