ఎనిమిది కౌంటు మనవరాలు

శ్రీసత్య రొయ్యల చెరువు గట్టు మీదే తాతగారికి ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్ ఫలితం చూపించింది. వెంకటరామరాజు గారు ఉలిక్కిపడ్డారు.

"పదో తరగతిలో ఐదొందల అరవై, ఇంటర్‌లో తొమ్మిదొందల నలభై. ఇప్పుడు ఎనిమిదేంటమ్మా?"

"పదికి ఎనిమిదండి, తాతయ్యగారూ."

"పదికి పది నీకు ఒకటో తరగతిలోనే వచ్చేవి. ఇక కొనిస్తానన్న స్కూటీ మాట మర్చిపో."

శ్రీసత్య స్కూటీ ఆశతోనే ఇన్నాళ్లూ నిద్ర మానుకుని చదివింది. ఆమె చూపు వలలో ఎగురుతున్న రొయ్యల మీద పడింది.

"కిలోకి వంద తూగే రొయ్య గొప్పదాండి, ముప్పై తూగేదా?"

"ముప్పై కౌంటే! కిలోకి తూగే కౌంటు తగ్గిందంటే రొయ్య ఎదిగినట్టు."

"చదువూ అంతేనండి. మనం ఎదిగేకొద్దీ అంకె తగ్గుతుంది."

రాజుగారు మీసం దువ్వారు. "మా మనవరాలు ఎనిమిది కౌంటండోయ్!" అని భీమవరమంతా చాటారు. స్కూటీ వచ్చేసింది.

రెండో సెమిస్టర్‌లో శ్రీసత్యకు తొమ్మిది వచ్చింది. ఆ స్కూటీ మీదే రివ్వున వచ్చి, తాతగారికి ఫోన్ చూపించింది.

ఆయన మెల్లిగా స్కూటీ తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు.

"కౌంటు పెరిగిందేంటమ్మా? చిక్కిపోతున్నావు. మళ్లీ ఎనిమిదికి దింపు, అప్పుడిస్తాను."