పది నిమిషాలు

మంగ్లు స్టూలెక్కి గోడ గడియారానికి కీ ఇస్తున్నాడు. పిక్కలు తేలిన నల్లటి కాళ్లు. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు, ఎప్పుడో గొడ్డలి తగిలి పోయింది. అరకు కొండల్లోని ఆ గిరిజన సంక్షేమ ఆఫీసులో పదకొండేళ్లుగా రోజుకూలి మీద తలుపులు తీసేది అతనే, వచ్చినవాళ్లని వరుసలో నిలబెట్టేదీ అతనే.

ఆపరేటరు కనక రోజూ "టైమెంత తాతా?" అని అడిగి కంప్యూటరులో అదే కొట్టేది. లోపల బ్యాటరీ చచ్చిన ఆ మిషను, కరెంటు పోయినప్పుడల్లా ఏ పాతకాలానికో వెళ్లిపోయేది. ఇవాళ అడగలేదు. విశాఖలో నేర్చుకున్నది గుర్తుచేసుకుని లైనక్స్‌లో టైము సర్వరు పేరు రాసింది, ఫోను లైను కలిపి, నెట్ నుంచి సరైన టైము తెచ్చుకునే ఎన్‌టీపీ నడిపించింది. తేడా మరీ ఎక్కువుందని ముందు అది మొరాయించింది. ఒకసారి బలవంతంగా సరిచేశాక దారికొచ్చింది. తెర మీద తొమ్మిదీ నలభై. గోడ మీద తొమ్మిదిన్నర.

"నీ గడియారం పది నిమిషాలు వెనక, తాతా," అంది కనక, ఆఫీసరు సర్వేశ్వరరావుకి వినపడేలా.

"అలగే ఒగ్గీమ్మా," అన్నాడు మంగ్లు మెల్లగా. వదిలేయమంటాడేంటని ఆమె నవ్వేసింది.

హాస్టలు సీట్ల అర్జీలకి అదే ఆఖరి రోజు. సరిగ్గా ఒంటిగంటకి కంప్యూటరు అర్జీలు తీసుకోవడం ఆపేసింది. కొండ బస్సు దిగేదీ ఒంటిగంటకే. ఐదు నిమిషాలకి యర్రమ్మ, మనవరాలి కాగితం పట్టుకుని, రొప్పుతూ కిటికీ దగ్గరికొచ్చింది. వెనక ఇంకో ఆరుగురు.

"అయిపోయిందేటి? గడియారం సూడు గుంటా, ఇంకా ఒంటిగంటవనేదు."

సర్వేశ్వరరావు మంగ్లుని పిలిచి గడియారం పాడైందా అని అడిగాడు.

"పాడవనేదు బాబూ. నానే ఎనక్కెట్టినాను. బస్సు దిగినోలికి ఆ పది నిమసాలే దిక్కు."

కంప్యూటరు గడియారాన్ని వెనక్కి తిప్పడానికి ఒక్క వరుస కొడితే చాలు. ఆ వరుస కనక వేళ్లకు తెలుసు. ఆఫీసరు ఆమె కుర్చీ వెనకే నిలబడి, పదకొండేళ్ల మోసం నీవల్ల బయటపడిందమ్మా అన్నాడు. ఆమె తలూపింది. ఊపినందుకు చెవులు కాలిపోయాయి. యర్రమ్మ వైపు మళ్లీ చూడలేకపోయింది.

మంగ్లుని రేపట్నించి రావద్దన్నారు. అతను తాళాలు తెచ్చి కనక టేబులు మీద పెట్టాడు.

"తలుపు గెడ బిగుసుకుపోద్దమ్మా. పైకెత్తి లాగాల," అని చెప్పి, యర్రమ్మ వాళ్లతో కలిసి కొండదారి పట్టాడు.

సాయంత్రం గోడ గడియారం ముల్లు సరిచేయమన్నారు. కనక స్టూలు లాక్కుంది. ఎక్కలేకపోయింది. రంగు అరిగిన చెక్క మీద రెండు పాదాల అచ్చులు. ఎడమదానికి నాలుగే వేళ్లు.