హాజరు షీటులో బాపు

ఆ నలభై రెండు రోజులు లెక్కలోకి వస్తే బాపు ఈ వారమే విడుదలవుతాడు. రాకపోతే ఇంకో నలభై రెండు రోజులు జైల్లోనే. అవ్వకు, అంటే మా అమ్మకు, అన్ని రోజులు లేవని డాక్టరు చెప్పాడు.

మా బాపు భీమన్న మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవాడు. ఒక శుక్రవారం అక్కడి హమ్రియా బస్తీలో గొడవ జరిగితే ఒకతన్ని నెట్టేశాడు. అతను మెట్ల మీద పడ్డాడు, ఒక కన్ను పోయింది. బాపును అప్పుడే పట్టుకున్నారు. నలభై రెండు రోజులు ఠాణాలో ఉంచి జైలుకు పంపారు. ఏడాది శిక్ష వేస్తే పై కోర్టు ఆరు నెలలకు తగ్గించింది. కానీ జైల్లో చేరిన రోజు నుంచే లెక్క కట్టారు. ఠాణా రోజులు కూడా కలపమని వకీలు అర్జీ పెట్టాడు.

కంపెనీ హాజరు షీటు దానికి అడ్డం వచ్చింది. ఆ రోజులన్నీ బాపు డ్యూటీలో ఉన్నట్టే అందులో ఉంది.

అది వేసింది కంపెనీలో హాజరు రాసే ప్రభాకర్ కాక. బాపుది, ఆయనది ఒకే ఊరు, ఇక్కడ ఒకే రూమ్. డ్యూటీకి రాకపోతే పారిపోయాడని రాసి వీసా తీసేస్తారని భయపడి హాజరు వేశాడు. మస్కట్ దగ్గరే సీబ్‌లో ఉండే అవ్వకు, నాకేమో బాపు ఎడారి సైట్‌లో ఉన్నాడని, అక్కడ ఫోన్ కలవదని చెప్పాడు. నా డైరీలో ఆ నలభై రెండు రోజులూ అదే ఉంది.

కోర్టుకు పోయేటప్పుడు కారులో కాక అన్నాడు. "నా అసొంటి గాడిద ఇంకోడుండడు బిడ్డా. లేని మనిషికి ఓవర్‌టైం గూడ ఏసిన."

నాకు నవ్వు వచ్చింది. ఆయనా నవ్వాడు.

"ఇయ్యాల జడ్జి ముందట చెప్పేస్త."

"చెప్తే నిన్ను పట్టుకుంటరా కాకా?"

"దొంగ కాయితం గదా" అన్నాడు.

కోర్టులో బాపు బాగా చిక్కిపోయి కనిపించాడు. అక్కడ అరబ్బీ మాటలు విప్పి చెప్పేది హైదరాబాదు మనిషి జహీరుద్దీన్.

"చూడు భీమన్నా, ఆ రోజులు నువ్వు ఠాణాల ఉన్నవా, డ్యూటీల ఉన్నవా అని జడ్జి సాబ్ అడుగుతుండ్రు. షీటు అబద్ధమంటే రాసినోన్ని పిలుస్తరు. ఠాణా కాయితం తెప్పిస్తరు. రెండు దినాలల్ల తేలిపోతది. సోచ్ కే బోలో, ఆలోచించి చెప్పు."

బాపు మా వైపు చూశాడు. కాక సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

అవ్వ సంగతి బాపుకు తెలియదు. జైల్లో ములాఖత్‌కు పోయినప్పుడల్లా "మీ అవ్వ ఎట్లుంది?" అని అడిగేవాడు. "మంచిగుంది, మోకాళ్ల నొప్పులు, అందుకే రాలే" అనేదాన్ని. జైల్లో ఉన్నోనికి చెప్పొద్దని అవ్వ ఒట్టు వేయించుకుంది.

నేను లేచి ఒక్క మాట అంటే చాలు. అవ్వ బతకదు బాపూ అని. ఊళ్లో బడిలో నా పేరు పిలిస్తే, నేను పలికింది వినపడక సారు నాకు గైర్హాజరు వేసేవాడు. ఇప్పుడూ నోరు తెరిచాను. గొంతు రాలేదు.

"డ్యూటీలనే ఉన్న సాబ్" అన్నాడు బాపు.

జడ్జి ఏదో రాసి కాగితం పక్కన పెట్టాడు. అర్జీ కొట్టేశారని జహీరుద్దీన్ మెల్లగా చెప్పాడు. కాక రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

తీసుకుపోతుంటే బాపు నా దగ్గర ఆగాడు. "ప్రభాకర్‌కు ఇద్దరు చిన్న పిల్లలు బిడ్డా. నాకేంది, నలబై రెండు రోజులే గదా. నేనొచ్చినంక ముగ్గురం కలిసే ఊరికి పోదాం. అవ్వను అందాక ఆగుమను."

"సరే బాపూ" అన్నాను. అది మాత్రం నోట్లోంచి వచ్చింది.

అవ్వ వంట చేసే నాగేంద్రప్రసాద్ గారి ఇల్లు సీబ్‌లో ఉంది. వెనక గదే మాది. నేను లోపలికి రాగానే అవ్వ కళ్లు తెరిచింది.

"ఏమన్నరే?"

"ఈ వారంల వస్తడు."

"నీలం అంగి తియ్యి. ముడతలు పడ్డట్టుంది."

పెట్టెలోంచి బాపు అంగీ తీసి ఇస్త్రీ చేశాను. అవ్వ పడుకునే చూసి, కాలరు దగ్గర ఇంకోసారి చేయమంది. చేశాను.