తాకట్టు చేలో సజ్జ

ఆత్మకూరు కచ్చేరి ముందు తప్పెట కొట్టి వేలం వేసినప్పుడు ఉదయగిరి కొండ కింది బావిచేను మస్తానయ్య పాడుకున్నాడు. ఆ చేను ఆదెయ్య సాగులో ఉండేది. అతను బాకీలు తీర్చలేక ఊరు విడిచిపోతే కోర్టువాళ్లు అమ్మించారు. కరువు రోజులు, పాట పెంచేవాడు లేడు. చవగ్గా వచ్చిందని మస్తానయ్య పెళ్లాం దేవకమ్మతో పదిమార్లు చెప్పుకున్నాడు.

శివరాత్రి వెళ్లాక శీనమ్మ వచ్చింది. కరువులో మొగుడు పోతే, చిన్నపిల్లను చంకనేసుకుని సముద్రం దిక్కున కాలువ తవ్వే పనికి పోయిన మనిషి.

"అన్నా, నా చేను విడిపించుకోను వచ్చినా" అంది.

"నీ చేనేంది? వేలంలో కొన్నా నేను."

"ఆదెయ్య మాకు అప్పిచ్చి తాకట్టు పట్టుకున్నాడు గానీ కొనలేదు. కరణాన్ని అడుగు."

కరణం వెంకటరమణయ్య విని నవ్వాడు. "పాడేముందు నన్నడిగినావట్రా? ఆదెయ్య చేతిలో ఉండింది తాకట్టు హక్కే. లేనిది కోర్టు ఎట్లా అమ్ముతాది? ఆవును కొన్నాననుకుని పలుపు పట్టుకొచ్చినావు. ఆ అప్పు నీకు కడితే చేను శీనమ్మదే."

శీనమ్మ కూలిడబ్బు కట్టిన చెంగు ముడి విప్పబోయింది. ఆయన ఆపాడు.

"ఇప్పుడు కాదమ్మా. మన ఊళ్లో తాకట్లు విడిపించేది ఉగాదినాడు, పెద్దల ముందర. అప్పటికి చేలో పైరుంటే మాత్రం కోతదాకా ఆగాల. ఇది తాతలనాటి కట్టుబాటు."

మస్తానయ్య ఇంటికి వస్తూనే, "మే, సజ్జలు తియ్యి" అన్నాడు.

"ఈ ఎండల్లో గింజ పడతాదా?" అంది దేవకమ్మ.

"గింజెందుకే, ఉగాదికి పచ్చగా కనపడితే చాలు. కోతదాకా దాని చెంగులో డబ్బు నిలుస్తాదా? తినేస్తాది."

అతను ఎద్దులతో నీళ్లు తోడాడు, ఆమె విత్తనం చల్లింది. వారం తిరగకముందే చేను పచ్చబడింది.

శీనమ్మ రోజూ గట్టుమీద వచ్చి నిలబడేది. తిడుతుందని దేవకమ్మ ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. శీనమ్మ ఒకనాడు మాత్రం, "ఆ మూల మెరక వదినా, నీళ్లెక్కవు. కాలువ కొంచెం లోతు చెయ్యి" అని చెప్పి పోయింది. ఆ పూట దేవకమ్మ సంగటి ముద్ద సగంలో వదిలేసి లేచింది.

మర్నాడు అంగడి దగ్గర ఆమెకు శీనమ్మ కనిపించింది. రాగులు బేరం చేసింది, చెంగు ముడిమీద చెయ్యి పెట్టింది, మళ్లీ తీసేసి వట్టిచేతులతో వెళ్లిపోయింది.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా దేవకమ్మ చేని దారికి అడ్డం వేసిన కంప లాగిపారేసింది. గొర్రెల మందతో కొండ దిగుతున్న కామయ్యను పిలిచి, "లోపలికి తోలు" అంది.

"పైరు గదమ్మా!"

"తోలమంటినా లేదా?"

డొక్కలెండిన గొర్రెలు ఎగబడ్డాయి. మస్తానయ్య పరుగెత్తుకొచ్చేసరికి మట్టి కనపడుతోంది.

"కళ్లు పోయినాయటే నీకు?"

"పోలా. చల్లిందీ నేనే, మేపిందీ నేనే. కొడతావా, కొట్టు."

అతను చెయ్యెత్తాడు. కామయ్య చూస్తున్నాడని దించాడు.

ఉగాదినాడు కరణం అరుగుమీద శీనమ్మ ముడి విప్పింది. డబ్బు అప్పుకు సరిపోయింది. మస్తానయ్య తల వంచుకుని తీసుకున్నాడు. దేవకమ్మ ఆమె వెంట చేని దాకా నడిచింది.

"ఆ విత్తనం చల్లింది నేనే శీనమ్మా."

"చూసినా గదా."

"తప్పయింది."

శీనమ్మ చేలోకి దిగి, వంగి మట్టి చేతిలోకి తీసుకుంది. "కోతదాకా ఈ ముడి విప్పకూడదని పిల్లకు గంజి తగ్గించినా వదినా. సగం ముంతే పోసినా. అదెవరికి చెప్పేది?"

పిల్ల అప్పటికే గట్టు వార కూర్చుని, గొర్రెలు వదిలేసిన సజ్జ మోళ్లు పీకి నములుతోంది.